మట్టిలో నాలుగు మెటికలు

మాథుసో కష్టపడి సాధించిన మొదటి గెలుపు వడగళ్ల మీద. పంతొమ్మిది వందల ఎనభై నాలుగు, ఫిబ్రవరి. కోడిగుడ్లంత వడగళ్లు హా-సెలొమో లోయ మీద పడి మొక్కజొన్న చేలను మోకాలి ఎత్తుకు నరికేశాయి. ఊరంతా ఇళ్లలోకి పరుగెత్తింది. ఇరవై ఆరేళ్ల మాథుసో మాత్రం చేలోకి పరుగెత్తింది. పెళ్లినాడు అత్తింటివారు కప్పిన ఉన్ని దుప్పటిని రెండు చేతులతో తలపైకెత్తి, మొక్కజొన్న చాళ్ల మధ్య దాచి పెంచుతున్న ఐదు గంజాయి మొక్కలకు తనే పందిరై నిలబడింది. వీపు నల్లగా కమిలింది. కుడిచేతి మెటికలు నాలుగూ చిట్లాయి. నడివేలి మెటిక లోపలికి కుంగిపోయి, అలాగే మానింది. ఐదు మొక్కల్లో మూడు బతికాయి. మరుసటేడు లోయలో ముప్పై ఇళ్లకు విత్తనం ఇచ్చినవి ఆ మూడే.

ఇది మాథుసో ఎవరికైనా మొదట చెప్పే మాట. తర్వాత చెప్పేవి ఇంకా ఉన్నాయి. మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివింది. లెక్కల్లో ఆమెను మించిన మగపిల్లాడు లేడు. భర్త బంగారు గనుల్లో ఉన్న పద్దెనిమిదేళ్లూ ఒంటిచేత్తో ఇల్లు నిలబెట్టింది, ఆయన పోయాక కూడా పడిపోనివ్వలేదు. గాడిదల మీద ఉన్ని మూటలు వేసుకుని కనుమ దాటించింది, మంచులో ఒక్క గాడిదనూ పోగొట్టుకోలేదు. అన్నిటికీ మించి, గోడ మెత్తడంలో, నేల అలకడంలో మొఖోట్లాంగ్ జిల్లాలో ఆమెకు సాటి లేదు. చర్చి దక్షిణపు గోడకు ఆమె మెత్తిన మట్టి పంతొమ్మిదేళ్లు పెచ్చు ఊడలేదు. ఎర్రమట్టీ పేడా కలిపి, పిడికిలితో అదిమి అదిమి, తడి ఆరకముందే వేళ్లతో చాళ్లు గీస్తే, వాన ఆ గోడకు మొక్కి పక్కనుంచి జారిపోయేది.

ఇవన్నీ నిజాలే. అందుకే ఆమె మాటకు ఊళ్లో ఎదురుండేది కాదు. ఆమె ఆడబిడ్డ మాపులే ఒక్కతే ఎదురు చెప్పేది. అది ఆడబిడ్డ హక్కు.

ఎనభై నాలుగు నాటి విత్తనం మాత్రం ఏటికేడూ తరిగిపోయింది. త్వరగా కాపుకొచ్చే కొత్తరకాలు బయటినుంచి వచ్చాక లోయలో వాళ్లంతా పాతదాన్ని వదిలేశారు. మాథుసో వదల్లేదు. ఆకు సన్నంగా, కాడ ఊదారంగులో ఉండే ఆ మొక్క ఆమె తల్లి నాటిది, తల్లికి ఆమె తల్లి ఇచ్చింది. పురిటినొప్పుల్లో ఆ ఆకు కషాయం తాగి ఊరట పొందని ఆడది ఒకప్పుడు ఆ లోయలో లేదు. కానీ వరసగా మూడేళ్లు వడగళ్లో, ముందే పడిన మంచో పంటను తినేశాయి. రెండువేల ఇరవై నాలుగు మొదలయ్యేసరికి ఆమె దగ్గర మిగిలింది ముక్కుపొడుం డబ్బాలో నలభై రెండు గింజలు.

అదే ఏడు ఊరి సంఘానికి మందుల కోసం గంజాయి పెంచుకునే అనుమతి కాగితం వచ్చింది. పదకొండుమంది ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు ఉన్న సంఘం. ఒకప్పుడు పోలీసు జీపు చప్పుడు వింటే చేలోంచి పీకి వాగులో పారేసిన మొక్కను, ఇప్పుడు తలుపు తీసుకుని దర్జాగా పెంచుకోవచ్చు. గొర్రెల ఉన్ని కత్తిరించే పాత కొట్టం ఖాళీగా ఉంది. దానికి కరెంటు లాగి, పైనుంచి పెద్ద దీపాలు వేలాడదీశారు. వడగళ్లు పడని చేను అన్నమాట.

దీపాల పని త్లాలిది. గనుల్లో ఇరవై ఏళ్లు కరెంటు పని చేసి వచ్చినవాడు. కుడిచేతి రెండు వేళ్లు అక్కడే భూమి కింద వదిలేశాడు. నలభై ఏడేళ్లే అయినా ఆడవాళ్లంతా మర్యాదగా అతన్ని 'న్తాతే', అంటే నాయనా, అనేవాళ్లు. అతను వాళ్లందరినీ 'మ్మే', అంటే అమ్మా, అనేవాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

"ఇంట్లో పెంచే పంటకు విత్తనం నాది పెడదాం" అంది మాథుసో మొదటి సమావేశంలో.

"అన్నీ పెట్టేయకు వదినా, ఒక పది గింజలు నా దగ్గర దాచు" అంది మాపులే.

"నీ దగ్గరా? నీ కోళ్లు పండగ చేసుకోవడానికా? నలభై ఏళ్లు పెంచినదాన్ని. ఎండా, వానా, పోలీసులూ అన్నీ చూశాను. పైకప్పు ఒకటి కొత్తగా వచ్చి నాకేం నేర్పుతుందే?"

నలభై రెండు గింజలూ కొట్టంలోకే పోయాయి. ఒక్కటి కూడా డబ్బాలో మిగల్చలేదు.

ఫిబ్రవరి పన్నెండున నలభై రెండు ప్లాస్టిక్ కుండీలు నింపారు. మాథుసోకు కుండీలో మొక్క పెంచడం అదే మొదలు. ఆ లోయలో ఎవరికైనా అంతే. చేనంటే ఎద్దులు దున్నేది, కొండగాలి ఎండబెట్టేది. ఎరువు కలిపిన ఎర్రమట్టిని ఆడవాళ్లు కుండీల్లో పోస్తుంటే మాథుసో ఒక్కొక్కదాని ముందూ మోకరిల్లి, పిడికిలి బిగించి నాలుగు పక్కలా అదిమింది. అదిమాక ఇంకో దోసెడు పోసి మళ్లీ అదిమి, గింజ కోసం పైన రెండంగుళాల వదులు మట్టి చల్లింది.

"కింది మట్టిలో బొటనవేలు పెడితే దిగకూడదు. వదులుగా ఉంటే మొక్క ఒరిగిపోతుంది" అని అందరికీ చెప్పింది. నలభై కుండీలకూ ఆమె చెయ్యి పడింది. సాయంత్రం పాటల సాధనకు చర్చి గంట మోగితే లేచి వెళ్లింది. మిగిలిన రెండు కుండీల్లో త్లాలి పారతో మట్టి పోసి తలుపు పక్కన పెట్టాడు. ఆ సంగతి అప్పుడెవరూ పట్టించుకోలేదు.

ముప్పై ఎనిమిది మొలకలు వచ్చాయి. మాథుసో ఊరంతా తిరిగి చెప్పింది. మూడో వారానికి చెప్పడం మానేసింది.

జానెడు దాటాల్సిన మొక్కలు నాలుగు వేళ్ల ఎత్తు దగ్గరే ఆగిపోయాయి. కింది ఆకులు పసుపెక్కాయి. పైఆకులు అలసిన గాడిద చెవుల్లా వేలాడాయి. తలుపు పక్కనున్న రెండు మాత్రం నిటారుగా ఉన్నాయి.

"దాహం" అని తేల్చింది మాథుసో. చేలో ఆకు వాలిందంటే అదే అర్థం. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి బిందెతో తిరిగి పోసింది. మర్నాటికి ఇంకా వాలాయి. ఇంకా పోసింది.

త్లాలి దీపం కింద, మొక్క తల దగ్గర అరచెయ్యి తిప్పి పెట్టి కాసేపు ఉంచాడు. "వేడి ఎక్కువ లేదు మ్మే. చెయ్యి ఓర్చుకుంటోందంటే ఆకూ ఓర్చుకుంటుంది. అయినా ఒక మూర పైకి లాగుతాను." లాగాడు. ఏమీ మారలేదు. సిమెంటు నేల చల్లదనం వేళ్లకు ఎక్కుతోందేమోనని, ఉన్ని సంచులు పెట్టే చెక్కలు తెచ్చి కుండీల కింద వేశాడు. దానివల్లా ఏమీ కాలేదు.

"ఆకలి" అంది మాథుసో ఆ తర్వాత. దొడ్లో పేడ నీళ్లలో నానబెట్టి, ఆ పులుసు పోసింది. రెండ్రోజుల్లో ఆకుల కొసలు నిప్పు తగిలినట్టు మాడాయి.

మాపులే కొట్టం గడపలో నిలబడి చూసింది. "కడుపుబ్బి ఏడ్చే బిడ్డకు ఇంకో ముద్ద కుక్కుతారా వదినా?"

"నీకేం తెలుసే? నువ్వు పెంచింది కోళ్లని."

"కోడి తలకాయ వాలిస్తే ఏదో తిందని చూస్తాను, తినలేదని కాదు."

మాథుసో బిందె ఎత్తుకుని లోపలికి పోయింది.

మరో అనుమానం కూడా వచ్చింది: తలుపు దగ్గరున్నవి బాగున్నాయంటే గాలి తగులుతోంది కాబట్టేనని. వాలిన మొక్క కుండీ ఒకటి ఎత్తుకెళ్లి ఆ రెండింటి మధ్య పెట్టింది. అరవై ఆరేళ్ల నడుము ఆ బరువుకు కలుక్కుమంది. ఐదు రోజులు చూసింది. గాలి తగిలినా ఆ మొక్క తలెత్తలేదు. అప్పటికి ఏడు చచ్చిపోయాయి. పొద్దున్నే వెళ్లి ఎండిన కాడను పీకినప్పుడల్లా, తల్లి ముఖంలో ఒక గీత చెరిగిపోయినట్టు ఉండేది ఆమెకు. ఇవి పోతే ఇంకెక్కడా లేవు. ఈ లోయలోనే కాదు, ఎక్కడా.

మార్చి ఇరవై నాలుగు, మట్టల ఆదివారం. చర్చి అయ్యాక సంఘం వాళ్లంతా కొట్టం ముందు ఎండలో కూర్చున్నారు. పులిసిన జొన్నగంజి కుండ చేతులు మారుతోంది. మొక్కల సంగతి ఏమిటని ఎవరో అడిగారు. అందరూ మాథుసో వైపు చూశారు.

ఎనభై నాలుగు నుంచి ఆ చూపు ఆమెకు అలవాటే. ఈసారి చెప్పడానికి మాత్రం ఏమీ లేదు. లేదనే మాట నోట్లోంచి రావడం ఆమెకు అలవాటు లేదు.

"నన్నేం అడుగుతారు?" అంది. "విత్తనం నాది, మంచిది. మట్టి నాది, మంచిది. ఆ దీపాలు పెట్టినాయన్ని అడగండి. ఇరవై ఏళ్లు భూమి కింద బతికినవాడికి సూర్యుడు ఎలా ఉంటాడో ఏం తెలుసు?"

గంజికుండ ఎక్కడిదక్కడ ఆగిపోయింది. గనుల్లో మగవాళ్లను పోగొట్టుకున్న ఆడవాళ్లు నలుగురున్నారు ఆ గుంపులో. అన్న మనిషే అందులో ఒకతె.

త్లాలి లేచాడు. జేబులోంచి కొట్టం తాళంచెవి తీసి, కుండ పక్కన నేల మీద పెట్టాడు. "సూర్యుణ్ని చూసినవాళ్లే చూసుకోండి మ్మే" అని టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

"ఆడలేక మద్దెల ఓడందట" అంది మాపులే, ఎవరినీ కాదన్నట్టు కొండవైపు చూస్తూ.

తాళంచెవి మాథుసో తీసుకుంది. మరెవరూ చెయ్యి చాపలేదు.

ఈస్టరు ముందు ఇళ్లన్నీ కొత్తగా అలుకుతారు. మాటలు సరిగా లేకపోయినా ఆడబిడ్డ ముంగిలి అలకకపోతే లోకం నవ్వుతుంది. మంగళవారం మాథుసో వెళ్లి మాపులే ముంగిలికి ఎర్రమట్టీ పేడా కలిపి, మోకాళ్ల మీద వంగి, పిడికిలితో అదిమి అలికింది. ఇద్దరి మధ్యా పది మాటలు కూడా నడవలేదు. బుధవారం రాత్రి వాన పడింది.

గురువారం పొద్దున్న మిగిలిపోయిన మట్టితట్ట కోసం మళ్లీ వెళ్లింది. ముంగిట్లో చిన్న పల్లంలో నీళ్లు అద్దంలా నిలిచి ఉన్నాయి. మాపులే కోడి ఒకటి తీరిగ్గా నీళ్లు తాగుతూ, ముక్కెత్తి ఆకాశం చూస్తూ, మళ్లీ తాగుతోంది.

మాపులే గుమ్మంలో కూర్చుని ఆకుకూర తరుగుతోంది. కోపం చల్లారిందో, పొగడకుండా ఉండలేకపోయిందో.

"ఏమైనా నీ చేతి అలుకంటే అలుకే వదినా! రాత్రంతా కురిసింది, ఒక్క చుక్క కిందికి దిగలేదు చూడు. ఇలాంటి నేలలో చీమ కూడా ఊపిరాడక చస్తుంది."

మాథుసో నోరు తెరిచింది. ఆ పొగడ్తకు జోడించడానికి చర్చిగోడ కథ నాలుక చివర సిద్ధంగా ఉంది. పంతొమ్మిదేళ్లు, పెచ్చు ఊడలేదు. అది బయటికి రాలేదు. ఆమె కోడిని చూస్తోంది. కోడి కాళ్ల కింద నేలను చూస్తోంది. తర్వాత తన కుడిచెయ్యి చూసుకుంది.

"ఏమైంది వదినా?"

"తట్ట తర్వాత తీసుకుంటాను" అని వెనక్కి తిరిగింది.

కొట్టంలో తాళం తీసి, దీపాల కింద నిలబడి మొదట ఆమె చేసిన పని, తలుపు పక్కన త్లాలి నింపిన కుండీని ఎత్తడం. సంకలో పసిబిడ్డను ఎత్తినట్టు లేచి వచ్చింది. పక్కనున్న వాలిన మొక్క కుండీ ఎత్తబోయింది. అది రాతిగుండులా బరువుగా ఉంది. నడుము కలుక్కుమన్న రోజే ఈ తేడా తెలియాల్సింది. ఆ రోజు ఆమె ముసలితనాన్ని తిట్టుకుంది.

ఆ కుండీని పక్కకు ఒరిగించి అడుగున తట్టింది. మట్టి పచ్చి ఇటుకలా ఒకే దిమ్మగా జారి నేల మీద పడింది. మురికిగుంట వాసన. మొక్క వేళ్లు పైన రెండంగుళాల వదులు మట్టిలోనే గుండ్రంగా చుట్టుకుని, దారి దొరక్క తిరిగి తిరిగి, కొసల్లో గోధుమరంగుకు మారి మెత్తబడిపోయాయి. పైపొరను ఆమె మెల్లగా చేత్తో ఎత్తింది. కింద గట్టిమట్టి నున్నగా ఉంది. ఆ నునుపు మీద, నెలన్నర నీళ్లు పోసినా చెరగకుండా, నాలుగు మెటికల గుర్తు ఉంది. మూడు లోతుగా, నడిమిది కాస్త పైపైన.

మాథుసో తన పిడికిలి ఆ గుర్తులో పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

వడగళ్ల నుంచి ఆ విత్తనాన్ని కాపాడిన చెయ్యే అది. నీళ్లు పోసిన ప్రతిపూటా అడుగున బురద పెరిగింది, వేరుకు ఊపిరి తగ్గింది. పేడ పులుసు పోసింది, ఉక్కిరిబిక్కిరయ్యేదాని నోట్లో ఇంకా కుక్కింది. అన్నీ తన చేత్తోనే. గోడను మెత్తినట్టు మొక్కను మెత్తింది. గోడకు వాన లోపలికి పోకుండా ఉండటం గొప్ప. మొక్కకు అదే చావు.

 తర్వాత ఆ మొక్కను తడిగుడ్డలో చుట్టి, మట్టిదిమ్మను ఒళ్లోకి ఎత్తుకుని, దుప్పటి కప్పుకుని త్లాలి ఇంటికి నడిచింది. ఊరికి ఆ కొస నుంచి ఈ కొసకు. దారిలో ఇద్దరు ముగ్గురు పలకరించారు. నడక ఆపలేదు.

త్లాలి పెరట్లో పిడకలు పేరుస్తున్నాడు. ఆమెను చూసి లేచాడు.

మాథుసో దిమ్మను అతని ముందు పెట్టింది. పిడికిలి బిగించి గుర్తులో ఉంచి చూపించింది. "న్తాతే, నీ దీపాలకు ఏ పాపమూ తెలీదు. ఇదిగో దొంగ."

అతను వంగి చూశాడు. వాసన చూశాడు. మూడువేళ్ల చేత్తో ఒక మూల గీరాడు. రాలలేదు.

"ఇది మొక్కల మట్టి కాదు మ్మే. బండరాయి. గనిలో ఇలాంటి గోడకు మేం రంధ్రం వేసి పేలుడుమందు పెట్టేవాళ్లం."

"నవ్వు నాయనా, నవ్వు. నీకు హక్కుంది."

"నవ్వట్లేదు. గాలిగొట్టం మూసుకుపోతే మనుషులు ఎలా వాలిపోతారో చూసినవాణ్ని. ఇరవై ఏళ్లు భూమి కింద బతికాను కదా." ఆ మాట మెత్తగానే అన్నాడు, కానీ అన్నాడు. మాథుసో తల వంచుకుని దాన్ని తీసుకుంది.

"నీ రెండు కుండీలూ ఎందుకు బాగున్నాయో తెలిసిందా?" అంది.

అతను కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. "ఈ చేత్తో పిడికిలి రాదు. పోసి, ఒకసారి నేలకు తాటించి వదిలేశాను. అంతే."

"ఎన్ని బతుకుతాయంటావు?"

"వేరులో తెలుపు మిగిలినవన్నీ. నీళ్లు ఆపేయండి ముందు. ఎల్లుండి మార్చుదాం."

"తాళంచెవి తీసుకో మరి."

"అక్కడ పెట్టింది అందరి ముందు మ్మే" అన్నాడు త్లాలి, పిడకల వైపు తిరుగుతూ.

అది ఆమెకు అర్థమైంది.

శనివారం కొట్టం ముందు గోనెలు పరిచారు. రెండేళ్లు మాగి పొడిపొడిగా రాలే పాత ఎరువు, వాగు ఒడ్డు నుంచి జల్లెడపట్టి తెచ్చిన గరుకు ఇసుక, ఎర్రమట్టి, మూడూ సమపాళ్లలో కలిపారు. కుండీల అడుగున ఇంకా నాలుగేసి రంధ్రాలు కాల్చిన చువ్వతో పొడిచాడు త్లాలి. దిమ్మల్లోంచి మొక్కల్ని విడదీయడం మాథుసో పని. నీళ్లలో నానబెట్టి, వేలికొసలతో మట్టి కరిగించి, కుళ్లిన వేరును చాకుతో తీసేసి, తెల్లటిదాన్ని మిగిల్చింది. మాథుసో జీవితంలో అంత మెల్లగా ఏ పనీ చేసి ఉండదు. కుండీలో మట్టి పోసే పని మాత్రం త్లాలిదే. మొదటి కుండీ నిండగానే అలవాటు చొప్పున ఆమె కుడిచెయ్యి ముందుకు లేచింది.

"వదినా!" అరిచింది మాపులే.

చెయ్యి గాల్లోనే ఆగింది. మాపులే లేచి వచ్చి, ఆమె కుడిచేతిని దుప్పటి లోపలికి తోసి, దుప్పటి పిన్ను తీసి గట్టిగా గుచ్చింది. "ఈ పూటకు ఇది జైల్లో ఉంటుంది. కావాలంటే ఎడమచేత్తో పెత్తనం చెయ్యి."

ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. మాథుసో కూడా నవ్వింది. 

మర్నాడు ఈస్టరు. చర్చి అయ్యాక అందరూ కొట్టం ముందుకే వచ్చారు. మాథుసో కూర్చోలేదు. తన గెలుపులు చెప్పేటప్పుడు ఎలా నిలబడుతుందో అలాగే, దుప్పటి భుజాన సర్దుకుని, గడ్డం ఎత్తి నిలబడింది.

"ఎనభై నాలుగులో ఈ విత్తనాన్ని నేను కాపాడాను. మీ అందరికీ తెలుసు, మళ్లీ మళ్లీ చెప్పాను కాబట్టి. ఇరవై నాలుగులో ఈ విత్తనాన్ని చంపబోయింది కూడా నేనే. ఇది కూడా తెలుసుకోండి. గోడకు చేసేది కుండీకి చేశాను. తప్పు దీపాలది అన్నాను. అన్నది అబద్ధం. గనుల్లో పనిచేసిన మనిషిని అన్నాను, నా మొగుడూ గనుల్లోవాడే. న్తాతే త్లాలి, మన్నించు. ఇదిగో నీది." తాళంచెవి చాపింది.

అతను రెండుచేతులూ జోడించి దోసిట్లో అందుకున్నాడు. అక్కడ పెద్దల చేతినుంచి ఏదైనా అలాగే అందుకుంటారు.

"ఇన్నాళ్లకు వదిన నోటినుంచి ఒక కొత్తకథ విన్నాం" అంది మాపులే. "చర్చిగోడ కథ విని విని చెవులు పెచ్చులూడాయి."

ఆ తర్వాత ఎవరూ తొందరపడలేదు. నీళ్లకు కొత్త పద్ధతి పెట్టుకున్నారు: కుండీ ఎత్తి చూడాలి, పసిబిడ్డంత తేలిగ్గా ఉంటే పొయ్యాలి, లేకపోతే బిందె కింద పెట్టాలి. వేలు రెండో గీత దాకా దించితే పొడి తగలాలి. మాథుసో రోజూ పొద్దున్నే వచ్చి, ఒక్క చుక్క కూడా పొయ్యకుండా, చేతులు కట్టుకుని ముక్కాలి పీట మీద కూర్చునేది. ఏమీ చెయ్యకుండా కూర్చోవడం గోడ మెత్తడంకంటే కష్టమని మాపులేతో అంది. నీళ్లు ఆపితే ఎండిపోతాయేమోనని బిందె వైపే చూసేది. వాలిన ఆకులు ఆరురోజులు అలాగే వాలి ఉన్నాయి. ఇంకో ఎనిమిది చచ్చిపోయాయి. ఏడో రోజున ఒక మొక్క నడినెత్తిన గోరంత కొత్తాకు, లేతగా, నిటారుగా కనిపించింది. పదోరోజుకు మిగిలినవి ఒక్కొక్కటే తలెత్తాయి. పాత ఆకుల మాడిన కొసలు మారలేదు. కొత్తవాటికి ఆ మచ్చ లేదు.

త్లాలి నింపిన రెండింటితో కలిపి ఇరవై మూడు దక్కాయి.

మే నెలలో, ఆ దేశంలో చలి మొదలయ్యే వేళకు, త్లాలి దీపాల వేళ తగ్గించి, సగం రోజు వెలుగు, సగం రోజు చీకటి చేశాడు. కొండమీద శీతాకాలం వస్తోందని మొక్కలకు అలా చెబుతారు. మగమొక్కలు ముందు బయటపడ్డాయి. మందుకు పనికొచ్చేవి ఆడమొక్కలే కాబట్టి మగవాటిని తీసేస్తారు. రెండింటిని మాత్రం మాథుసో తీయనివ్వలేదు. పక్కన ఉన్ని తూచే చిన్నగది ఉంది. నాలుగు ఆడమొక్కలతో వాటిని అందులో పెట్టి, పుప్పొడి బయటికి రాకుండా తలుపు సందులకు తడి ఉన్ని కుక్కారు. ఆ కుక్కడం మాత్రం మాథుసోనే చేసింది, పిడికిలితో, గట్టిగా. అక్కడ అది పనికొచ్చింది.

జూలై చివర గింజలు రాలాయి. పులిచారల గింజలు, తల్లినాటివే. నలభై రెండు పెట్టినచోట మూడు డబ్బాలు నిండాయి. ఒక డబ్బా త్లాలికి ఇచ్చింది. ఒకటి మాపులే ఒళ్లో పెట్టింది.

"కోళ్లు తింటాయేమో వదినా" అంది మాపులే.

"తింటే కోడిని కోసి కడుపులోంచి తీస్తాను. పై గూట్లో పెట్టు."

మూడో డబ్బా ఆమె దుప్పటి మడతలో ఉంది. సెంకు నది అవతలి ఒడ్డున ఇంకో సంఘం వాళ్లూ ఈ ఏడే ఇంటిలోపల మొదటి పంట వేశారు. మొక్కలు గిడసబారాయి, ఆకులు వాలాయి, దాహమేమోనని రోజూ నీళ్లు పోస్తున్నాం, ఎవరైనా వచ్చి చూడండని కబురు పంపారు. కబురు తెచ్చిన మనిషిని మాథుసో ఒక్కటే అడిగింది: "మీ ఊళ్లో గోడలు బాగా మెత్తేదెవరు?" అతను ఒక పేరు చెప్పాడు. "కుండీలు నింపింది ఆవిడేనా?" అతను ఆశ్చర్యపోయి తలూపాడు.

ఆగస్టు పన్నెండు పొద్దున్న బస్సెక్కింది. కనుమ మీద మంచు ఉంది, అయినా బస్సు వెళ్తోంది. పెద్ద ఊరికెళ్లి అక్కడినుంచి గుర్రం మీద నది దాటాలి. మూడోడబ్బాలో సగం గింజలు ఆ లోయలో వదిలిరావాలని ఆమె ఉద్దేశం. ఒకే డబ్బాలో, ఒకే మనిషి పిడికిట్లో ఇంకెప్పుడూ ఆ విత్తనం ఉండకూడదు.

బస్సెక్కేముందు కొట్టం తలుపు మీద సుద్దముక్కతో అయిదో తరగతి దస్తూరీలో, గుండ్రటి అక్షరాలతో రాసి వెళ్లింది. కుండీలు ఎత్తి చూడకుండా నీళ్లు పోయవద్దు. మట్టి అదమవద్దు. తాళంచెవి న్తాతే త్లాలి దగ్గర ఉంది. మాథుసో తిరిగి వచ్చేది ఆగస్టు ఇరవై రెండు, గురువారం.